మసిదొర చెయ్యి

బుడ్డి అరచేతిలో సబ్బు రుద్దుకుని, దాని మీద సన్న బ్రష్షును గుండ్రంగా తిప్పుతోంది. నురుగు ముందు బొగ్గు రంగులో వచ్చింది, తర్వాత బూడిద రంగుకు దిగింది. పాలలా తెల్లబడేదాకా తిప్పాలి. ఒక్క పోగులో నలుపు మిగిలినా అది ఎండి, కొస రెండుగా చీలుతుంది. చీలిన బ్రష్షుతో మనిషి కనుబొమ్మ గీస్తే మేక గడ్డంలా వస్తుంది.

"ఆ సింకు పొద్దున్నే తోమానే తల్లీ," అంది అమ్మ వెనక నుంచి. "ఈ ఇంట్లో మనుషుల కంటే బ్రష్షులే ఎక్కువసార్లు స్నానం చేస్తాయి."

"మనుషులకి ఇంత మసి అంటదుగా."

"అంటదా? నీ మోచెయ్యి చూసుకో."

కిందటి వారం చదవనివాళ్ళ కోసం, చదివి మరిచిపోయినవాళ్ళ కోసం ఇక్కడ రెండు ముక్కలు చెప్పాలి. తోకచుక్క అనే వీరుడి బొమ్మల కథ పుట్టేది ఈ ఇంట్లోనే. కథ నాన్నది. పెన్సిలు బొమ్మలూ నాన్నవే. మాటల బుడగల్లో అక్షరాలు నింపేది అమ్మ. పెన్సిలు గీతల మీద ఇంకు పెట్టేది కూతురు. చిన్నప్పుడు సిరాబుడ్డీ అని పిలిచేవాడు నాన్న. సిరా ఎప్పుడో ఎగిరిపోయి బుడ్డి మిగిలింది. తోకచుక్క ఒంటి మీద బట్టలన్నీ తెలుపు, మెడ నుంచి వేలాడే పొడుగాటి గుడ్డే అతని తోక, ఎగిరేది దాని బలంతోనే. అతని శత్రువు మసిదొర తల నుంచి కాలి దాకా నలుపు. ఆ మసిదొర ఈ వారం చావాలి. పొగగొట్టం అంచు మీద ఇద్దరూ పెనుగులాడుతుండగా కిందటి వారం కథ ఆగింది. 'వచ్చే సంచికలో మసిదొర అంతం!' అని పత్రికవాళ్ళు అట్ట మీద ఎర్రక్షరాలతో వేసేశారు. ఇక మిగిలింది ఆఖరి పేజీ. సాయంత్రం ప్రెస్సు బండి వచ్చేలోపు దానికి ఇంకు పడాలి.

బుడ్డి చేతులు తుడుచుకుంటుండగా ఫోను మోగింది. ఎడిటరు.

"ఏమ్మాయ్, దొరగారు పోయారా?"

"ఇంకా లేదండీ. సాయంత్రానికి పోతారు."

"త్వరగా కానియ్యమ్మా. ఇక్కడ పత్రికలో నల్ల గీతల పెట్టె కట్టించి, లోపల సంతాపం కూడా రాయించేశాను. ఇప్పుడు ఆయన బతికాడంటే నేను పోతాను."

ఫోను పెట్టేసి బుడ్డి నవ్వుకుంటూ తన బల్ల దగ్గరికి వెళ్ళింది. పేజీ బల్ల మీదే ఉంది. నాన్న ఇచ్చాడంటూ అమ్మ పొద్దున హడావిడిగా తెచ్చి పెట్టింది. పక్కన నాన్న చెబుతుంటే అమ్మ రాసుకున్న కథ కాగితం. అందులో ఉన్నది తేటతెల్లం: మసిదొర జారతాడు. తోకచుక్క అతని చెయ్యి పట్టుకుని, కళ్ళలోకి చూసి, వదిలేస్తాడు. వెనక్కి తిరిగి చూడకుండా ఎగిరిపోతాడు.

బొమ్మల్లో అది లేదు.

బుడ్డి కాగితం చూసింది, పేజీ చూసింది, మళ్ళీ కాగితం చూసింది. మసిదొర జారిన మాట నిజమే. కానీ తోకచుక్క వదిలెయ్యలేదు. అతని వెంటే దూకాడు! తోకను ఇనప మెట్టుకు ముడేసి, రెండో కొస మసిదొరకు విసిరాడు. తర్వాతి బొమ్మలో తోక చిరిగింది. ఆ తర్వాతి బొమ్మలో ఇద్దరూ పొగలో తలకిందులుగా పడుతున్నారు, ఎవరి కాళ్ళు ఎవరివో తెలియకుండా. ఆఖరిది పేజీలో సగం ఆక్రమించిన పెద్ద బొమ్మ. అందులో మొహాలు లేవు. పైనుంచి ఒక చెయ్యి, కింది నుంచి ఒక చెయ్యి, మణికట్లు పట్టుకుని ఉన్నాయి. వాటి వెనక తాళ్ళతో కట్టిన కర్రలు, గాల్లో బోర్లాపడుతున్న రంగు డబ్బా ఒకటి.

పొగగొట్టం మీద రంగు డబ్బా ఎందుకుంది?

నాన్న మనసు మార్చుకున్నాడా అనుకుంది బుడ్డి. మార్చుకుంటే చెప్పడా? మసిదొరను చంపాలని ఎన్నేళ్ళుగానో ఉవ్విళ్ళూరుతున్న మనిషి. ఈ బొమ్మ ప్రకారం ఇంకు పెడితే ఎడిటరు సంతాపం ఏమవుతుంది? పెట్టకపోతే నాన్న ఏమంటాడు? సరే, ముందు తేలికైన పని చేద్దామని సీసా మూత తీసి, నలుపు నింపాల్సిన చోట్లు వెతికింది.

పెన్సిలు బొమ్మలో ఎక్కడ నలుపు నింపాలో అక్కడ చిన్న ఇంటూ గుర్తు పెడతారు. ఇంకు పెట్టేవాళ్ళకి అదే ఆజ్ఞ. ఇంకు పడగానే గుర్తు దాని కింద మాయమైపోతుంది. అచ్చులో బొమ్మను లక్షమంది చూడనీ, ఆ గుర్తులను చూసేది మాత్రం ఇంకు పెట్టే మనిషి ఒక్కతే. నాన్న ఇంటూ గుర్తు రెండు ముక్కుసూటి గీతలు, ఎవరి మీదో కోపంతో కొట్టేసినట్టు ఉంటుంది.

ఈ పేజీలో గుర్తులు అలా లేవు. పెన్సిలు ఎత్తకుండా ఒకే ఊపులో తిప్పినవి. ఒక పక్క రెండు కొసలూ కలిసిపోయి, రెండో పక్క తోకలా విడిపోయి, పేజీ నిండా చిన్నచిన్న చేపలు.

బుడ్డి బ్రష్షు పక్కన పెట్టేసింది.

ఈ చేపలను ఆమె ఎరుగును. బల్ల అందక కుర్చీ మీద దిళ్ళు వేసుకుని కూర్చునే రోజుల్లో, 'చేప కనపడితే దాన్ని నలుపులో ముంచెయ్యి, ఈదుకుంటూ పోతుంది' అని ఆమెకు బ్రష్షు పట్టడం నేర్పింది మావయ్య. అమ్మకు అన్నయ్య, నాన్నకు ఒకప్పటి ప్రాణస్నేహితుడు. తోకచుక్కను మొదట ఇద్దరూ కలిసే గీశారు. తర్వాత ఏదో గొడవైంది. తోకచుక్క తనదేనని మావయ్య ఎడిటరుకు చెప్పుకున్నాడని నాన్న అంటాడు. ఇద్దరి పేర్లూ వెయ్యమని అడగడానికే వెళ్ళాడని అమ్మ గొణుగుతుంది. అసలు సంగతి ఏమిటో బుడ్డికి ఈనాటికీ తెలియదు. తెలిసిందల్లా ఆ తర్వాతి వారమే మసిదొర పుట్టడం. కలిసిపోయిన కనుబొమ్మలు, నడిమికి చీలిన గడ్డం, అచ్చం మావయ్య మొహం. వీధిలో పిల్లలు 'మసిదొరా, పొగ వదులు' అంటూ వెంటపడితే, పాపం ఆయన ఊరి అవతలి చివరకు ఇల్లు మార్చుకున్నాడు.

ఆ మావయ్య చేపలు ఈ బల్ల మీదికి ఎలా ఈదుకొచ్చాయి?

పక్కగదిలో అమ్మ ఉతికిన బట్టలు మడతపెడుతోంది. బుడ్డి పేజీ తెచ్చి దుప్పటి మీద పరిచింది.

"అమ్మా, ఇది ఎవరు గీశారు?"

"మీ నాన్న. కాకపోతే పాలవాడు గీస్తాడా?"

"ఇక్కడ చూడు."

అమ్మ వంగి చూసింది. చేతిలో చొక్కా సగం మడతలో ఆగిపోయింది.

"అయ్యయ్యో, ఇవి చెరపనేలేదు," అనేసింది. అన్నాక నాలుక కరుచుకుంది.

"చెరపడమేంటి?"

బుడ్డికి చలికాలం నుంచి జరుగుతున్నదంతా కళ్ళ ముందు గిర్రున తిరిగింది. ఇంటూ గుర్తున్న చోటల్లా కాగితం నూగులేచి, ఇంకు పాకేది. నాసిరకం కాగితం అంటగట్టాడని కాగితాల కొట్టువాడితో వెళ్ళి పోట్లాడింది కూడా. ఆ పెద్దమనిషి దేవుడి మీద ఒట్టేసి మరీ చెప్పాడు, కాగితం మంచిదేనని.

"చేపల్ని రబ్బరుతో చెరిపి, నాన్న గుర్తులు నువ్వు పెట్టేదానివా?"

"నెమ్మదిగా మాట్లాడు," అని అమ్మ తలుపు వైపు చూసింది. "ఏం చెయ్యమంటావే? మీ నాన్న చెయ్యి వణుకుతోంది. నీ కంట పడకూడదని నీ ఎదురుగా కప్పు కూడా ఎత్తరు, చూశావా ఎప్పుడైనా? చొక్కా గుండీలు నేనే పెడుతున్నాను. తలుపేసుకుని ఆయన గీసే బొమ్మలు చూస్తే నీకు ఏడుపొస్తుంది. గుడ్డుకి నాలుగు పుల్లలు గుచ్చినట్టుంటాయి. ఆర్ట్ స్కూల్ కుర్రాడొకడున్నాడు, వాడితో తుది గీత గీయిస్తానని చెప్పాను. ఎవరికీ తెలియకూడదు, బుడ్డికి అసలే తెలియకూడదు అన్నారు. సరేనన్నాను."

"ఆ కుర్రాడు మావయ్యా?"

"మీ నాన్న గీతని అచ్చుగుద్దినట్టు గీసేవాళ్ళు లోకంలో ఇంకెవరున్నారే? ఇద్దరూ ఒక్క పెన్సిలు కొరుక్కుంటూ నేర్చుకున్నారు. మీ నాన్న పేజీ చూసి మురిసిపోతారు, 'ఈ కుర్రాడికి మంచి భవిష్యత్తు ఉందే' అని. ఏం భవిష్యత్తు, మోకాళ్ళు పట్టేసి మెట్లెక్కలేకపోతున్నాడు."

బుడ్డికి నవ్వొచ్చింది, అది సగంలో ఆగిపోయింది.

"మరి మావయ్య ఎలా ఒప్పుకున్నాడు? వారం వారం తన మొహాన్నే గీసి, తన్నించుకుని..."

"నేనూ అడిగాను. 'అద్దం అక్కర్లేకుండా గీయగలిగే మొహం అదొక్కటే కదే' అన్నాడు." అమ్మ చొక్కా మడత పూర్తి చేసింది. "మొన్న జ్వరం వచ్చింది వాడికి. ఈ పేజీ ఇవాళ పొద్దునగానీ ఇవ్వలేకపోయాడు. మీ నాన్నకి చూపించే టైము లేదు, గుర్తులు మార్చే టైము లేదు. తిన్నగా నీ బల్ల మీద పెట్టేశాను."

"పేజీలో ఏముందో చూశావా?"

"చూడ్డానికేముంది? మసిదొర చచ్చిపోతాడుగా."

"ఒకసారి చూడు."

అమ్మ ఒక్కో బొమ్మ మీదా వేలు పెట్టుకుంటూ చూసింది. పెద్ద బొమ్మ దగ్గరికి వచ్చేసరికి ఆమె మొహం కూడా బుడ్డి మొహంలాగే అయింది.

"ఇలా గియ్యమని నేను చెప్పలేదే," అంది.

అంతలో నాన్న గది తలుపు తెరుచుకుంది. రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుని వచ్చాడు. అలా పెట్టుకోవడం షోకు కోసమని ఇన్నాళ్ళూ అనుకుంది బుడ్డి.

"ఏరా బుడ్డీ, చచ్చాడా వాడు?" అంటూ దుప్పటి మీది పేజీ వైపు వంగాడు. మొదట చిరునవ్వుతో చూశాడు. తర్వాత కనుబొమ్మలు ముడిపడ్డాయి. "ఇదేంటి? వదిలెయ్యమని రాస్తే దూకడమేంటి? కుర్రాడికి మతి ఉందా..." అని చప్పున ఆగి కూతురి వైపు చూశాడు. కుర్రాడి సంగతి తన నోటితోనే బయటపడిందని తెలిసి సిగ్గుపడ్డాడు.

"చెప్పేశాను లెండి," అంది అమ్మ.

నాన్న చూపు దించుకుని పేజీ మీదే పెట్టాడు. ఆ చూపు ఒక చోట ఆగింది. జేబులోంచి చెయ్యి బయటికి వచ్చింది. వణుకుతున్న చూపుడువేలు చిన్న చేప మీద ఆనింది.

"వాడా?"

అమ్మ తలూపింది.

"నా ఇంట్లో, నా పేరు మీద, వాడితో గీయిస్తావా! ఊరంతా నన్ను చూసి నవ్వాలనా?"

"ఊరికి తెలియదు. మీకే తెలియలేదు, ఊరికేం తెలుస్తుంది?" అంది అమ్మ. "ఇంకెవరితో గీయించమంటారు? మీరు గీస్తారా? గీయండి. ఇదిగో పెన్సిలు."

ఆ మాట అన్నందుకు అమ్మే ముందు నొచ్చుకుంది. నాన్న పెన్సిలు తీసుకోలేదు. మంచం అంచున కూర్చుని, పేజీ ఒళ్ళో పెట్టుకున్నాడు. తర్వాత పొడిగా నవ్వాడు.

"అర్థమైంది. చావంటే భయం పట్టుకుంది వాడికి. నా వీరుడి చేత తనని కాపాడించుకుంటున్నాడు! ఒకసారి నేను కాపాడింది చాల్లేదా?"

ఆ 'ఒకసారి' ఏమిటో ఈ ఇంట్లో అందరికీ తెలుసు. పెళ్ళికాక ముందు నాన్నా మావయ్యా ఎత్తయిన గోడల మీద ప్రకటనల బొమ్మలు వేసేవాళ్ళు. ఒకరోజు ఆరంతస్తుల ఎత్తున, కాళ్ళ కింద తాళ్ళతో కట్టిన పరంజా కర్ర విరిగింది. మావయ్య జారిపోతుంటే నాన్న మణికట్టు పట్టుకుని పైకి లాగాడు. కింద జనం చప్పట్లు కొట్టారు. కొడుకు ప్రాణం నిలబెట్టినవాడికి ఏమిచ్చినా తక్కువేనని అమ్మ వాళ్ళ నాన్న పిల్లనిచ్చాడు. అప్పటికి అమ్మకు వేరే సంబంధం కుదిరి ఉంది. దాన్ని వద్దనుకున్నారు. ఇంటికి చుట్టాలెవరొచ్చినా ఈ కథ ఒకసారి తిరగాల్సిందే. అమ్మ చెబితే విరిగిన కర్ర చప్పుడు కూడా వినిపించేది.

తాళ్ళు కట్టిన కర్రలు. రంగు డబ్బా. బుడ్డి పేజీ వైపు చూసింది. ఆమెకు వచ్చిన సందేహం నోరు దాటకూడదనుకుంది, కానీ సాయంత్రానికి ఇంకు పెట్టాల్సింది తనే.

"నాన్నా, ఇందులో కాపాడుతున్నది తోకచుక్క కాదు."

"ఏంటి?"

"చేప ఎక్కడుందో చూడు. పై చెయ్యి మీద ఉంది. అంటే నలుపు పై చేతికి. నలుపు మసిదొరది కదా. కింద వేలాడే చేతికి గుర్తు లేదు, అది తెలుపు." గొంతు సవరించుకుంది. "జ్వరంలో పొరపాటున పెట్టాడేమో. మార్చెయ్యమంటే మార్చేస్తాను. ఏ చేతికి నలుపు వెయ్యను?"

జవాబు ఒక్క ముక్క. 'కింది చేతికి' అంటే చాలు. బుడ్డి చేపను చెరిపేసేది, బొమ్మ నాన్న చెప్పే కథలోకి వచ్చేసేది, ఎవరి పని వాళ్ళు చేసుకునేవాళ్ళు. నాన్న నోరు తెరిచాడు కూడా. ఒకసారి బుడ్డిని చూశాడు, ఒకసారి అమ్మను చూశాడు. తెరిచిన నోరు మూసుకున్నాడు.

"చెప్పండి," అంది అమ్మ. "పిల్ల అడుగుతోందిగా."

"ఎప్పటి మాట అది..."

"ఎప్పటిదైతేనేం? ఏళ్ళు గడిస్తే పై చెయ్యి కింది చెయ్యి అవుతుందా?"

"నువ్వూ ఏంటే! వాడేదో గీస్తే..."

"వాడు గీసింది పక్కన పెట్టండి. మిమ్మల్ని అడుగుతున్నాను."

నాన్న రెండు చేతులూ ఒకదానిలో ఒకటి పెట్టి గట్టిగా నొక్కుకున్నాడు. వణుకు మోచేతుల దాకా పాకింది.

"కర్ర విరిగింది," అన్నాడు. "అంతవరకూ బాగా గుర్తుంది. తర్వాత కళ్ళు మూసుకున్నాను. మణికట్టు దగ్గర గట్టి పట్టు ఉంది, అది తెలుసు. పట్టుకున్నానో, పట్టుబడ్డానో... కళ్ళు తెరిచేసరికి ఇద్దరం చెక్క మీద పడి ఉన్నాం. కింద జనం నా పేరు అరుస్తున్నారు. నా పేరే ఎందుకు అరిచారో నాకేం తెలుసు? వాడు పక్కనే ఉన్నాడు, ఒక్క మాట అనలేదు. మీ నాన్న వచ్చి నన్ను కౌగిలించుకున్నప్పుడూ వాడు పక్కనే ఉన్నాడు."

"మీరూ అనలేదు."

"ఏమని అనను? నాకే తెలియనిది?"

అమ్మ ఆయన మొహంలోకి చూస్తూనే ఉంది. అది నిజం చెబుతున్న మొహమో, నిజానికి పక్కగా నిలబడిన మొహమో బుడ్డికి అంతుచిక్కలేదు. మావయ్య ఇన్నేళ్ళూ నోరు మూసుకుని, మొహం మీద మసి పూయించుకుని, ఇప్పుడు ఒక చిన్న చేపతో ఇది ఎందుకు చెప్పాడు? చెప్పాడా అసలు, జ్వరంలో చెయ్యి జారిందా? లేకపోతే పత్రికవాళ్ళ దగ్గర నాన్నను ఇరికించడానికా? ఏ వైపు నుంచి ఆలోచించినా బుర్ర మళ్ళీ మొదటికే వస్తోంది.

ఫోను మోగింది. ఎడిటరే అయ్యుంటాడు. ఎవరూ కదల్లేదు. మోగి మోగి అదే ఊరుకుంది.

"కింది చేతికి వేసెయ్ బుడ్డీ," అన్నాడు నాన్న చివరికి, నేల చూస్తూ. "టైమైపోతోంది. పత్రిక ముఖ్యం."

ఇదే మాట ఇందాకే అని ఉంటే ఎవరూ వెనక్కి తిరిగి చూసేవారు కాదు. ఇప్పుడు అది ఆ గదిలో నిలబడలేకపోయింది. బుడ్డి అమ్మ వైపు చూసింది.

అమ్మ మడతపెట్టిన చొక్కాను దొంతర మీద పెట్టింది. నాన్న ఒళ్ళోంచి పేజీ తీసుకుంది. లాక్కోలేదు, మామూలుగా, ఖాళీ కప్పు తీసుకున్నట్టు తీసుకుంది. నలగకుండా దాన్ని గుండ్రంగా చుట్టి, జడకు పెట్టుకున్న రబ్బరు తీసి దానికి తొడిగింది. జుట్టు భుజాల మీదికి విడిపోయింది, పట్టించుకోలేదు.

"ఎక్కడికి? ఇదిగో, నిన్నే! బండి వచ్చే టైముకి పేజీ తీసుకుని ఎక్కడికి?" నాన్న లేవబోయి మంచం కోడు పట్టుకున్నాడు.

"అమ్మా, ప్రెస్సుకా? మావయ్య దగ్గరికా? నేనూ రానా?" అంది బుడ్డి.

అమ్మ గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంది. ఎడమది కుడి కాలికి వేసుకుని, చూసుకుని, మార్చుకుంది. కాగితం చుట్టను చంకలో పెట్టుకుని, గడియ తీసి, వీధిలోకి దిగి వెళ్ళిపోయింది.